తెల్లగా వదిలిన చెక్క

చంపాపేట్, హైదరాబాద్
12 ఏప్రిల్ 2023

ఒరేయ్ పండూ,

మొన్న నువ్వు గుట్టెక్కి ఫోన్ చేసిన పది నిమిషాల్లో తొమ్మిది "వినబడుతోందా" అనుకోవడానికే సరిపోయాయి. అందుకే మళ్ళీ కాగితం పట్టాను. హాస్టల్ రోజుల్లో నాన్న మనిద్దరి చేతా ఉత్తరాలు రాయించడం ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

ఈ ఉత్తరంతో పాటు ఒక బట్ట చుట్ట వస్తుంది. ఎల్‌బీ నగర్‌లో విశాఖ బస్సు డ్రైవరు చేతికిచ్చాను. అక్కడ పాడేరు బస్సులో వేయిస్తానని మాటిచ్చాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, తింటున్న వేరుశెనక్కాయలు నాకూ పెట్టాడు.

చుట్టలో ఉన్నది నేను వేసిన బొమ్మ. పొద్దున్నుంచీ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఆర్కిటెక్చర్ ఎంట్రెన్స్ పిల్లలకి కుర్చీలూ కప్పులూ గీయించి గీయించి చెయ్యి మొద్దుబారిపోతోంది. ఇంటికొచ్చాక ఒళ్ళు మండి మన కొండ వేశాను. అయితే చూడ్డానికి కొండలా ఉండదు. చెట్టూ ఇల్లూ మనిషీ ఏవీ ఉండవు, రంగులే ఉంటాయి. మా ఓనరు యాదలక్ష్మమ్మ చూసి, "గిదేంది అమలా, బట్ట మీద పసుపు ఒలకబోసినవా?" అంది. నువ్వు మాత్రం గుర్తుపడతావు.

ఏటా చైత్రంలో నాన్న ఇంటి వెనక గోడకి ఎర్రమట్టి పూసి, తడి ఆరకముందే వేలితో కొండ మీది మన నాలుగు పొలం చెక్కలూ గీసి, ఎందులో ఏం విత్తాలో రంగులద్దేవాడు కదా. చోళ్ళకి బొగ్గు, వలిసెలకి పసుపు, సామలకి ఆకు పసరు. నేను బొమ్మలు నేర్చుకున్న బడి ఆ గోడే. ఆయన పోయాక పెద్దపిల్లని కాబట్టి గోడ నేనే వేయాలని రెండేళ్ళుగా పిలుస్తున్నావు. ఏప్రిల్లో సెలవడిగితే మా సారు ముఖం చూడలేమురా. ఏం చేయను?

గెడ్డ నీటి వార చెక్క పచ్చగా వేశాను, నడిమి చెక్క నల్లగా, రాతి చెక్క పసుపుగా. పై చెక్క దగ్గర రంగు పెట్టలేదు, తెల్లగా వదిలేశాను. ఎందుకని అడక్కు. నాన్న గోడ వేసిన చోటే తగిలించు.

మరదలు సంధ్యని అడిగానని చెప్పు. కాళ్ళకి చెప్పులేసుకుని కొండెక్కమను.

నీ అక్క
అమల


కుంకుడుగరువు
29 జూన్ 2023

అక్కకు,

నేను క్షేమం, నీవు క్షేమమని తలుస్తాను అని సారు నేర్పినట్టు రాస్తే నువ్వు నవ్వుతావు. కాబట్టి రాయను. బాగానే ఉన్నాం.

చుట్ట వచ్చింది. పాడేరు బస్సులోంచి దించుకుని, గురువారం సంతలో పోస్టుమాను అప్పగించాడు. వెదురు బద్ద రెండు వైపులా కట్టి వెనక గోడకి తగిలించాను. ఊరు ఊరంతా వచ్చి చూసింది. చిన్నమ్మ దండం పెట్టి, "ఏ అమ్మవారురా ఇది?" అంది. అమ్మవారు కాదు, మా అక్క పంపిన విత్తనాల లెక్క అని చెప్పాను.

నిజం చెప్పాలంటే ఆ రంగులు చూశాక ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళు గోడ లేకుండా విత్తుతుంటే ఎవరి కొండలోనో దొంగతనంగా విత్తుతున్నట్టు ఉండేది. ఈ ఏడు బొమ్మలో ఉన్నట్టే విత్తాం. గెడ్డ వార సామలు, నడిమి చెక్కలో చోళ్ళు. రాతి చెక్క వలిసెలకి దున్ని ఉంచాను. పై చెక్క వదిలేశాను. ఎందుకని అడగొద్దన్నావు, అడగలేదు. సంధ్య మాత్రం గొణిగింది. పై చెక్కలో చోళ్ళు లేకపోతే మాఘం దాటాక అంబలి దేంతో కాస్తావు అంది. ఒక్క ఏటికి ఏటైపోతుందిలే అన్నాను.

ఇంకో సంగతి. ఈసారి కొలతలవాళ్ళు వస్తారట. కొండ దున్నుకునేవాళ్ళకి పట్టా కాగితాలిస్తారట. పంట నిలబడి ఉన్న నేలకే ఇస్తారని సంతలో అనుకుంటున్నారు. విత్తనాలు పడ్డాక విన్నాం ఈ మాట.

వాన మొదలైంది. పేజీ తడుస్తోంది, ఆపుతున్నాను.

పండన్న


చంపాపేట్
18 జులై 2023

పండూ,

నీ ఉత్తరం షేర్ ఆటోలో చదువుకుంటూ పైకే నవ్వేశాను. పక్కావిడ కాస్త జరిగి కూర్చుంది.

బొమ్మ చూసి విత్తాడట! చిన్నప్పుడు నా జడకి పీతని కట్టి, అదే ఎక్కిందని నాన్న దగ్గర ప్రమాణం చేసినవాడివి, నీ మాట నేను నమ్ముతానా? అంతా గంభీరంగా రాసుకొచ్చి సంధ్య గొణిగిందని కలిపావు చూడు, అక్కడే దొరికిపోయావు. సంధ్య గొణిగే మనిషి కాదు, తిన్నగా తిడుతుంది.

కాగితాలిస్తే మంచిదే. నాలుగు చెక్కలకీ రాయించుకో. ఎవరికీ సంతకం ఊరికే పెట్టెయ్యకు, చదివి పెట్టు.

నా కబురు విను. మా సెంటరు నడిపే విశ్వేశ్వరరావు గారు నా ఫోన్లో నీకు పంపిన బొమ్మ ఫొటో చూశారు. గుంటూరు మనిషి, లెక్కలు తప్ప ఇంకో లోకం లేదనుకునేదాన్ని. ఆ తెలుపు దగ్గర ఆగిపోయి, "ఇలాంటివి ఇంకో పది వేయగలవా అమ్మా?" అన్నారు. ఆయన స్నేహితులకి ఇక్కడే ఒక హాలుంది. నవంబర్ ఆఖర్లో పెట్టిద్దామన్నారు. అప్పటినుంచీ నాకు తిండి సయించడం లేదు. గదిలో వంటకి చోటు లేకుండా బట్టలే పరిచాను. యాదలక్ష్మమ్మ తిడుతూనే రోజూ ఒక గిన్నెడు పప్పు తెచ్చిస్తోంది.

పదింటిలోనూ పై చెక్క తెల్లగానే ఉంచుతున్నాను. అది లేకపోతే నాకు బొమ్మ నిలబడటం లేదు.

వలిసెలు పూసినప్పుడు రాయి. ఆ పసుపు ఎలా ఉంటుందో మర్చిపోతానేమోనని భయంగా ఉంది.

అమల


కుంకుడుగరువు
9 నవంబర్ 2023

అక్కకు,

వలిసెలు పూశాయి. రాతి చెక్క మొత్తం పసుపు. తేనెటీగల మోతకి సంధ్య పిలిచినా వినబడదు. నువ్వు వేసిన పసుపు కంటే ఇది కొంచెం పచ్చిది. తప్పు పట్టడం లేదు, అడిగావని రాశాను.

కొలతలవాళ్ళు వచ్చి వెళ్ళారు. ముగ్గురు, చేతుల్లో ఫోన్లు. నడిమి చెక్కలో చోళ్ళకీ, గెడ్డ వార కోత మోళ్ళకీ ఫొటోలు తీశారు. వలిసెల్లో సంధ్యని నిలబెట్టి తీశారు. మూడింటికీ నంబర్లు వేశారు.

మిగతా మాటలు నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఎప్పుడొస్తావు? బొమ్మల పని అయ్యాక నాలుగు రోజులు వీలు చూసుకుని రాకూడదా?

పండన్న


చంపాపేట్
3 డిసెంబర్ 2023

పండూ, నా బంగారు తమ్ముడూ,

అయిపోయిందిరా. బాగా అయిపోయింది!

మూడు రోజులు పెట్టాం. మొదటి రోజు మా కోచింగ్ పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలే వచ్చారు. రెండో రోజు పేపరు వాళ్ళు వచ్చారు. మూడో రోజు నిలబడటానికి చోటు లేదు. అందరూ ఆ తెలుపు గురించే అడిగారు. ఒకావిడ మంచు అంది, ఒకాయన మౌనం అన్నాడు. విశ్వేశ్వరరావు గారైతే ప్రతివాళ్ళకీ ప్రశాంతత అని చెబుతూ తిరిగారు. పెద్ద బొమ్మని ఒక ఆఫీసు వాళ్ళు తీసుకున్నారు, మెట్లెక్కగానే ఎదురుగా కనబడేలా పెడతారట. మన కొండ రా అది! ఏసీ గదిలో ఉంటుంది.

నీకొక పని చెబుతాను, కాదనకు. వచ్చే బొమ్మల్లో రంగులో నిజం మట్టి కలపాలనుకుంటున్నాను. పై చెక్క మట్టి ఒక సంచెడు పంపు. అదే కావాలి. అరచేతిలో పోసుకుంటే అభ్రకం తళతళలాడుతుందే, ఆ మట్టి. మన కొండ మొత్తంలో అక్కడే ఉంది. పండక్కి రానని కోపం పెట్టుకోకు. జనవరి బ్యాచ్ మొదలవుతోంది.

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. కోతలు కదా అని సరిపెట్టుకున్నాను.

ప్రేమతో
అక్క


కుంకుడుగరువు
11 జనవరి 2024

అక్కకు,

నీ బొమ్మలు నలుగురూ మెచ్చుకున్నారంటే సంతోషం. చిన్నమ్మకి చదివి వినిపించాను. ఏసీ గది అంటే ఏంటని అడిగింది. సంధ్య చెప్పింది.

మట్టి పంపుతున్నాను. ఎరువుల సంచీలో కట్టాను, అడుగున చిరుగు ఉంది, జాగ్రత్త.

చలి ఎక్కువగా ఉంది. ఇంకేం లేవు.

పండన్న


చంపాపేట్
5 ఫిబ్రవరి 2024

పండన్నకి,

మట్టి అందింది. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో తెస్తుంటే చిరుగులోంచి కారి, నా చీరా ప్లాట్‌ఫారమూ ఎర్రగా అయ్యాయి. ఎర్రగా! పై చెక్క మట్టి ఎరుపా? నడిమి చెక్క మట్టి తీసి కట్టేశావు. గిన్నెలో పోసి, ఎండలో పెట్టి, భూతద్దంతో కూడా చూశాను. ఒక్క మెరుపు లేదు.

ఆ మెట్టు ఎక్కడానికి బద్ధకించావా, నాకేం తెలుస్తుందిలే అనుకున్నావా? కుర్రతనంలో వేళాకోళం ఆడావంటే నవ్వాను. ఇది వేళాకోళం కాదు. పోనీ నీకు నచ్చలేదని చెప్పు. అక్క పట్నంలో కూర్చుని మన కొండని అమ్ముకుంటోందని నీ మనసులో ఉంటే అదే రాసెయ్. రెండు ఉత్తరాల నుంచీ చూస్తున్నాను, పోస్టుమాను అడిగితే ఇచ్చే జవాబుల్లా ఉన్నాయి నీ రాతలు. కొండ నీకెంతో నాకూ అంతే. అక్కడ నీకంటే ఎక్కువ ఏడ్చినదాన్ని నేను.

నిజం మట్టి పంపేదాకా నాకు ఉత్తరం రాయక్కర్లేదు.

అమల


కుంకుడుగరువు
22 ఫిబ్రవరి 2024

అక్కకు,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. సంధ్య నా పక్కన కూర్చుని రాయిస్తోంది.

పై చెక్క మట్టి తేవడానికి నాకు దారి లేదు. అక్కడ ఫారెస్టువాళ్ళు కంచె వేశారు. నవంబర్లో వచ్చిన కొలతలవాళ్ళు పై చెక్కలో నిలబడి, "ఇక్కడ పంటేదీ?" అని అడిగారు. ఈ ఏడు విడుపు, విత్తకుండా నేలని వదిలాం అన్నాను. మా అక్క తెల్లగా వేసిందని చెబితే ఒకాయన నవ్వాడు. సాగులో లేదు అని రాసుకున్నారు. మూడు చెక్కలకే కాగితాలు వచ్చాయి. డిసెంబర్లో కూలీలని తెచ్చి పై చెక్కలో గోతులు తవ్వి నీలగిరి మొక్కలు పెట్టారు. నేను వెళ్ళి గోతిలో కూర్చున్నాను. లేపేశారు. రెండుసార్లు ఆఫీసుకి తిరిగాను. ఫొటో చూపించారు. ఫొటోలో గడ్డే ఉంది.

నేను వేళాకోళం ఆడలేదక్కా. జూన్లో రాసింది నిజం. నాన్న గోడ మీద తెల్లమట్టి అద్దితే ఆ చెక్కకి ఆ ఏడు విడుపని మనిద్దరికీ తెలుసు. గోడ వేయాల్సింది నువ్వు. విత్తే ముందు నాలుగు రంగులు పంపి నాన్న గోడ చోటే తగిలించమన్నావు. ఇంకెలా అనుకోమంటావు?

నీకు చెప్పొద్దనుకున్నాను. నీ బొమ్మలు జనం చూస్తున్న నెలలో అది చెప్పడానికి చెయ్యి రాలేదు. నడిమి చెక్క మట్టి పంపడం తప్పే. అక్క గుర్తుపట్టదులే అనుకున్నాను.

అంబలికి ఇబ్బంది లేదు. సంధ్య వాళ్ళ అన్న రెండు కుంచాల చోళ్ళు ఇచ్చాడు.

పండు


చంపాపేట్
9 మార్చి 2024

పండూ,

నాలుగు రోజులు సెంటరుకి వెళ్ళలేదు. యాదలక్ష్మమ్మ తలుపు కొట్టి కొట్టి, చివరికి కిటికీలోంచి, "ఎవలన్న పోయిండ్రా బిడ్డా?" అని అడిగింది. అవును అన్నాను.

నీ కాళ్ళు పట్టుకుని చెప్పాల్సిన మాట కాగితం మీద చెబుతున్నాను. తెలుపంటే విడుపని నాకు తెలుసు. కానీ నేను వేసేది బొమ్మ, గోడ కాదు అనుకున్నాను. నువ్వు వదిలేశానని రాస్తే నవ్వాను. మూడు చెక్కలకి నంబర్లు వేశారని రాస్తే, నాలుగోది ఏమైందని అడగలేదు. లెక్కపెట్టడం కూడా రాకపోయింది నాకు.

ఆ తెలుపు ఎందుకో ఇప్పుడు చెబుతాను. అమ్మ డోలీలో, ఆసుపత్రి దారిలో పోయిందని నీకు చెప్పాం. అప్పుడు నీకు పదకొండేళ్ళు, హాస్టల్లో ఉన్నావు. అది అబద్ధం. అమ్మ పై చెక్కలోనే పోయింది. వారం నుంచి జ్వరం, అయినా చోళ్ళు రాలిపోతాయని కోతకి వచ్చింది. నాన్న డోలీ మనుషుల కోసం దిగాడు. అమ్మ నీళ్ళడిగింది. గెడ్డకి వెళ్ళాను. ఒడ్డున తెల్లమట్టి కనబడింది, మంచి మట్టి, నాన్న గోడకి పనికొస్తుందని కూర్చుని ఏరాను. ఎంతసేపో తెలియదు. కొంగు నిండింది. పైకి వచ్చేసరికి అమ్మ చేతిలో కొడవలి అలాగే ఉంది. నీళ్ళ ముంత పక్కన పెట్టి పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో.

మనిషి పోయిన చెక్కకి మన ఊళ్ళో మూడేళ్ళు విడుపివ్వాలి కదా. పై చెక్క లేకపోతే మనకి తిండి లేదు. అందుకే డోలీలో పోయిందని చెప్పమన్నాడు నాన్న. మరుసటేడే అక్కడ చోళ్ళు విత్తాం. ఆ అంబలి తాగే నేను ఇంటర్ చదివాను.

పదిహేడేళ్ళ నుంచీ ఆ చెక్కకి ఏ రంగు కలపబోయినా నా చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తెల్లమట్టే కళ్ళ ముందుంటుంది. ప్రశాంతత అట! అమ్మకి నీళ్ళందక పోయిన చోటది. దాన్ని నీ నోటి ముందు నుంచి కూడా తీసేశాను.

విశ్వేశ్వరరావు గారు మళ్ళీ బొమ్మలు అడిగారు. ఇక వేయనని చెప్పేశాను. నువ్వు తిట్టు పండూ. తిడితే కొంచెం ఊపిరాడుతుంది.

అమల


కుంకుడుగరువు
31 మార్చి 2024

అక్కకు,

నీ ఉత్తరం నేనొక్కడినే చదివాను. తర్వాత సంధ్యకి ఇచ్చాను. తను చదివి, బయటికి వెళ్ళి చాలాసేపు కట్టెలు కొట్టింది.

అమ్మ పై చెక్కలో పోయిందని నాకు తెలుసు. నాన్న పోయే ముందు చెప్పాడు. ఆ చెక్కకి విడుపు బాకీ ఉండిపోయిందన్నాడు. "మీ అక్కే ఇస్తుంది. ఇచ్చిన ఏడు ఎందుకని దాన్ని అడక్కు" అన్నాడు. రెండేళ్ళూ గోడ వేయడానికి రమ్మని నిన్ను విసిగించింది అందుకే. అప్పుడు నీ చుట్ట వచ్చింది. పై చెక్క తెలుపు. ఎందుకని అడక్కు అని నువ్వూ రాశావు. నాన్న చెప్పినట్టే నిన్నేమీ అడక్కుండా వెదురు బద్ద కట్టి తగిలించాను.

ఆగస్టులో సంధ్య మళ్ళీ అడిగింది, కొలతలవాళ్ళు వచ్చేలోపు కాసిని వలిసెలైనా చల్లమని. చల్లి ఉంటే చెక్క మిగిలేది. వద్దన్నది నేనే. నువ్వు అమ్మకి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను. కాబట్టి తప్పంతా నీ ఒక్కదాని మీదే వేసుకోకు, సగం నాది.

తెల్లమట్టి సంగతి మాత్రం నాన్న చెప్పలేదు. ఆయనకీ తెలియదేమో. పదహారేళ్ళ పిల్ల వాళ్ళ నాన్న గోడ కోసం మట్టి ఏరుకుంది. అంతే కదా అక్కా అది. అమ్మ బతికుంటే ఎంత తెచ్చావో చూపించమనేది.

తిట్టమన్నావు. తిడతాను. నువ్వు ఊరికి రాక మూడేళ్ళయింది. బొమ్మలు వేయనని సారుకి చెప్పినందుకు కూడా తిడుతున్నాను.

నీలగిరి మొక్కలకి కాపలా ఉండే ముసలాయన మన కింద ఊరివాడే. అడిగితే కంచె ఎత్తి పట్టుకున్నాడు. రెండు తట్టల మట్టి తెచ్చాను, పై చెక్కది. ఈసారి మోసం లేదు. ఇంటి వెనక గోడంతా దాంతోనే పూశాను. పొద్దుటి ఎండ పడితే మెరుస్తోంది. చిన్నమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటోంది.

గోడ మీద నాలుగు చెక్కలూ గీయాలి, మూడు కాదు. కొండ మీద లేకపోయినా పై చెక్క గోడ మీద ఉండాలి. ఈ ఏడు అందులో చోళ్ళు వేయి. సంధ్య బొగ్గు నూరి చిప్పలో పెట్టింది.

ఏ బస్సు దొరికితే ఆ బస్సు ఎక్కు. పూత ఆరితే రంగు పట్టదు కదా, రోజూ పొద్దున్నే గోడ మీద నీళ్ళు చల్లుతున్నాను.

నీ తమ్ముడు
పండు